మైనస్ నాలుగు

కొడకండ్లలో పౌలు దగ్గర ఒక పొడవాటి నోటుబుక్కు ఉండేది. ఊళ్లో పాట పాడే ప్రతి ఒక్కరి గొంతుకూ అందులో ఒక నంబరు రాసి ఉండేది. పాస్టరుగారికి ప్లస్ ఒకటి. పాస్టరమ్మకు మైనస్ రెండు. క్రిస్మస్‌కు తప్ప చర్చి గడప తొక్కని ఆటో సంపత్‌కు ప్లస్ మూడు, అదీ జలుబు లేనప్పుడే. భార్య లచ్చవ్వ పేరుకు ఎదురుగా మాత్రం నంబరు లేదు, ఒక గీత గీసి వదిలేశాడు. "నీ గొంతు ఏ బటన్‌కూ దొరకదు" అని ఆమెను ఆటపట్టించేవాడు. ఆమె చేతిలో ఏ గరిటె ఉంటే అది చూపించి కసురుకునేది.

ఈ నంబర్ల సంగతి చెప్పకుండా పౌలు కూతురు ప్రమీల కథ చెప్పలేను. ఆమె కష్టానికీ దుఃఖానికీ ఆ నోటుబుక్కే మొదలు.

పౌలు చదివింది నాలుగో తరగతి. వారమంతా గ్రానైటు క్వారీలో కూలి, ఆదివారం చర్చిలో డప్పు. ఎవరో పెద్దమనిషి చర్చికి ఒక కీబోర్డు ఇచ్చిపోతే, వాయించేవాళ్లు లేక ఆరు నెలలు దాని మీద బల్లగుడ్డ కప్పి ఉంచారు. పౌలుకు అది చూడబుద్ధి కాలేదు. పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, ఒక్కొక్క మెట్టూ ఒత్తి చూసుకుంటూ ఏడాదిలో సొంతంగా నేర్చుకున్నాడు. నేర్చుకున్నది తెల్ల మెట్ల మీద ఒక్కటే దారి. ఆ దారిలో ఏ పాటైనా వాయించేవాడు. అయితే ఒకరి గొంతుకు అది ఎక్కువ ఎత్తయ్యేది, ఇంకొకరికి మరీ పల్లం అయ్యేది. ఏం చేయాలో తెలియక తల పట్టుకున్న రోజుల్లో, కీబోర్డు మీద ఒక మూల ఉన్న రెండు చిన్న బటన్లు ఆయన వేలికి తగిలాయి. ఒకటి ఒత్తితే చెయ్యి కదపకుండానే పాట ఒక మెట్టు ఎక్కుతుంది, ఇంకోటి ఒత్తితే దిగుతుంది. చిన్న తెర మీద అంకె కనిపిస్తుంది. ట్రాన్స్‌పోజ్ అంటారు దాన్ని. పౌలు దానికి గొంతు బటన్ అని పేరు పెట్టాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా నోటుబుక్కు తెరిచాడు.

సంగీతం చదువుకున్నవాళ్లు ఇది విని నవ్వుతారని నాకు తెలుసు. నవ్వనివ్వండి. ఊరందరి గొంతులూ విని, ఎవరిది ఎక్కడ హాయిగా ఉంటుందో రాసిపెట్టుకున్న మనిషిని చూసి నవ్వగలిగితే నవ్వనివ్వండి.

ప్రమీల పదకొండో ఏట ఆ కీబోర్డు ముందు కూర్చుంది. పౌలు ఆమె వేళ్లు పట్టుకుని తెల్ల మెట్ల మీద పెట్టాడు.

"గివి మనయి బిడ్డా. గా నల్లయి మనకెందుకు? గొంతుకు సరిపడకుంటే గీ బటన్ ఒత్తు. గంతే."

అప్పుడు ఆమె నంబరు ప్లస్ మూడు. పద్నాలుగో ఏట గొంతు దిగి సున్నాకు వచ్చింది. ఇంకా దిగింది. పద్దెనిమిదేళ్లకు మైనస్ నాలుగు దగ్గర ఆగింది. ప్రతిసారీ పౌలు పాత అంకె కొట్టేసి పక్కన కొత్తది రాశాడు. ఆడపిల్లకు అంత బొంగురు గొంతేమిటని చర్చిలో ఆడవాళ్లు మూతులు తిప్పుకున్నారు. పాటల గుంపులో ఆమెను వెనక వరసలోకి జరిపారు. ప్రమీల ఏడ్చుకుంటూ ఇంటికి వస్తే పౌలు ఒక్క మాటే అన్నాడు.

"దిగితే దిగనియ్. బావిల నీళ్లు గుడ దిగినంకనే సల్లగుంటయ్."

ఆ మాట మీదే ప్రమీల బతికింది. జనగామలో డిగ్రీ అయ్యాక జిరాక్సు దుకాణంలో పనిచేస్తూ, హనుమకొండలో ఒక పాత కీబోర్డు కొనుక్కుంది. బస్సులో పైన పెడితే పగులుతుందని పౌలు దాన్ని ఊరి దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆ కీబోర్డు మీదే ఆమె తన మొదటి పాట కట్టింది. తల్లి మీద కట్టింది. లచ్చవ్వ సొంత మడి అంటూ లేని మనిషి. నలభై ఏళ్లు ఇతరుల మళ్లలో నాట్లు వేసింది.

ఎవరి మడిల నాటు వేసినవే అవ్వా
ఎవరి ఇంట్ల అన్నమైనదే
నీ కాలి అచ్చు నీళ్ల కింద ఉన్నదే అవ్వా
నీ పేరు మీద గింజ లేనిదే

పల్లవి కింద కింద సాగుతుంది. చరణంలో 'నడుమెత్తవే, ఒక్కపారి నడుమెత్తవే' అన్నచోట పాట పైకి లేస్తుంది. మైనస్ నాలుగులో అక్కడ ప్రమీల గొంతు ఎలా లేచేదంటే, మొదటిసారి విన్నప్పుడు లచ్చవ్వ నిజంగానే నడుం పట్టుకుని నిలబడింది. తర్వాత సిగ్గుపడి, పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి వెళ్లిపోయింది.

పాటలు రాసి, వాయించి, పాడి బతుకుతానని ఆడపిల్ల అంటే మన ఊళ్లలో ఎవరు మెచ్చుకుంటారు? ప్రమీల జిరాక్సు దుకాణం మానేసినప్పుడు మెచ్చుకున్నవాడు పౌలు ఒక్కడే. ఫోన్‌లో పాడి పెట్టిన పాటల్ని నాలుగు వందల మంది విన్నారు. పాటల చానెల్ నడిపే ఒకాయన పిలిచి, "గొంతు జర సన్నగ చెయ్యమ్మా, గప్పుడు నడుస్తది" అన్నాడు. "నా నంబరు గిదే అన్నా" అని ఆమె లేచి వచ్చింది. అలా వచ్చినందుకు పౌలు చాలా రోజులు మురిసిపోయాడు.

ఆమెకు కూడు పెట్టినవి చావు పాటలు. మనిషి పోయిన ఏడాదికి బంధువుల్ని పిలిచి, ఫొటోకు దండ వేసి, ఆ మనిషి మీద పాట పాడించడం మన వైపు పెరిగింది. చాలామంది పాటగాళ్లు ఒకటే పాట పెట్టుకుని పేరు మార్చి పాడతారు. ప్రమీల అలా చేయలేదు. వారం ముందు ఆ ఇంటికి వెళ్లి కూర్చునేది. మొదట్లో, పోయినవాళ్లు చివరికి ఏమన్నారని అడిగేది. ఏ ఇంట్లో అడిగినా, అందరూ మంచిగుండాలన్నారనే జవాబు వచ్చేది. అందరూ ఒకే మాట అని పోతారా? అందుకని ప్రశ్న మార్చింది.

"చివరిసారి చేతితోని ఏం చేసిండు?"

ఆ ప్రశ్నకు ఇంటివాళ్లు అబద్ధం చెప్పలేకపోయేవారు. కాసేపు ఆలోచించి, గుర్తు రాగానే ఏడ్చేవారు. భూపాలపల్లిలో ముప్పై ఏళ్లు బొగ్గు బావిలో పనిచేసిన భిక్షపతి పోతే, ఆయన భార్య గడప మీద చాలాసేపు కూర్చుని చెప్పింది: "మనుమరాలి చెప్పు బెల్టు ఊడితే వంగి పెట్టిండు. గంతే." ప్రమీల ఆ బెల్టు మీదే పాట కట్టింది. ఘనపూర్ నుంచి బయ్యారం దాకా ఎన్ని ఇళ్లల్లో అలా కూర్చుందో లెక్క లేదు. వెంట పౌలు ఉండేవాడు. కీబోర్డు స్టాండు బిగించి, వైర్లు కలిపి, చివరగా తనే గొంతు బటన్ నాలుగుసార్లు ఒత్తేవాడు. అది ఆయన పని. సభల్లో ప్రమీల ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదు.

రెండు వేల పంతొమ్మిదిలో హైదరాబాదు నుంచి రిషిత అనే అమ్మాయి ఫోన్ చేసింది. సొంత పాటలు సొంతంగా పాడుకునేవాళ్లను అయిదుగురిని ఎంచి ఒక హాల్లో కచేరీ పెడుతున్నామని, ప్రమీల తల్లి పాట విని తాను బస్సులోనే ఏడ్చేశానని చెప్పింది. రికార్డింగు కంపెనీవాళ్లు కూడా వస్తారు.

"మీరు కీబోర్డు మోసుకు రావద్దండీ. హాల్లో మంచి పియానో ఉంది" అంది రిషిత.

పౌలు సంబరం అంతా ఇంతా కాదు. "పియానో అంటే పెద్ద కీబోర్డే గదా బిడ్డా. గంత పెద్దదానికి బటన్లు గుడ గంత మంచిగుంటయ్" అన్నాడు. ప్రమీలకూ అలాగే అనిపించింది. ఇద్దరిలో ఒక్కరూ పియానోను దగ్గర నుంచి చూసినవాళ్లు కారు. ముందు రోజు వచ్చి వాయించి చూసుకోమన్నారు. కానీ ఆ రోజే భూపాలపల్లిలో భిక్షపతి ఏడాది సభ. ఆయన భార్యకు మాట ఇచ్చి తప్పలేక ప్రమీల అక్కడికే వెళ్లింది. దానికి ఆమెను తప్పుపట్టలేం.

కచేరీ రోజు పౌలు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని రెండో వరసలో కూర్చున్నాడు. పేరు పిలవగానే ప్రమీల వెళ్లి పియానో ముందు కూర్చుంది. మూత తీసి ఉంది. తెల్ల మెట్లు, నల్ల మెట్లు. అంతే. కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది. ఏమీ లేదు. కాళ్ల దగ్గర మూడు ఇత్తడి పలకలు కనిపిస్తే వంగి ఒకటి చేత్తో నొక్కింది. లోపల ఏదో బరువుగా కదిలింది తప్ప అంకె కనిపించలేదు. పక్కనే నిలబడ్డ రిషితను చూసి మెల్లగా అడిగింది.

"మేడం, దీనికి ట్రాన్స్‌పోజ్ బటన్ ఏడుంటది?"

ముందున్న మైకు ఆ మాటను హాలంతా వినిపించింది. జనం నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు, ఆ అమ్మాయి చమత్కారంగా అందనుకుని నవ్వారు. పౌలు కూడా నవ్వాడు. కూతురు పట్నం జనాన్ని నవ్వించిందనుకుని, పక్కవాళ్ల వైపు తిరిగి మరీ నవ్వాడు. రిషిత తల అడ్డంగా ఊపడం చూశాకే ఆయనకు అర్థమైంది. నవ్వుతున్న నోరు అలాగే ఉండిపోయింది. ప్రమీల అది చూసింది.

పియానో వదిలేసి ఉత్త గొంతుతో పాడి ఉంటే సరిపోయేది. ఆ సంగతి ఆమెకు మూడు రోజుల తర్వాత తట్టింది. ఆ క్షణాన మాత్రం చేతులు అలవాటైన తెల్ల మెట్ల మీదికి పోయాయి. పాట సున్నాలో మొదలైంది. పల్లవి ఎలాగో పళ్లు బిగించి గట్టెక్కించింది. చరణంలో 'నడుమెత్తవే' దగ్గర గొంతు లేవలేదు. చీలిపోయింది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ చీలింది. చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంది. జనం చప్పట్లు కొట్టారు. జాలిపడి కొట్టే చప్పట్లు ఎంతసేపు ఉంటాయో ఆ రోజు తెలిసింది ఆమెకు. రికార్డింగు కంపెనీవాళ్లు తర్వాతి మనిషి కోసం కాగితం తిప్పారు.

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. భువనగిరి దాటాక బస్సు ఆగితే పౌలు దిగి పల్లీల పొట్లం కొనుక్కొచ్చి ఆమె ముందు పెట్టాడు. "జర తిను బిడ్డా. పొద్దటి సంది ఏం తినలే" అన్నాడు.

ఆమె పొట్లం వైపు చూడలేదు. అప్పుడే నోరు జారింది.

"నల్లయి నీకే రావు. రానోడివి నాకెందుకు నేర్పినవ్ బాపు?"

పౌలు పొట్లం వెనక్కి తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. కొడకండ్ల వచ్చేదాకా అది విప్పలేదు. ఆ మాట అన్న మరుక్షణమే ప్రమీలకు తప్పు తెలిసింది. కానీ అన్న మాట బయటికి వచ్చేసింది, వెనక్కి తీసుకునే మాట బయటికి రాలేదు. ఎంత దగ్గరి మనుషులకైనా ఇలాంటిది జరుగుతుంది. దగ్గరివాళ్లకే జరుగుతుంది.

తర్వాతి ఆదివారం పౌలు చర్చిలో కీబోర్డు కుర్చీ సంపత్‌కు అప్పజెప్పాడు. సంపత్ అప్పటికే ఫోన్‌లో చూసి కొంత నేర్చుకుని, ఆ మోజుతో ఆదివారాలు కూడా చర్చికి వస్తున్నాడు. "నాకు కండ్లు కనవడ్తలేవురా" అన్నాడు పౌలు. ఆ సాయంత్రం లచ్చవ్వకు సూదిలో దారం ఎక్కించింది ఆయనే. నోటుబుక్కు సజ్జ మీదికి పోయింది. ఏడాది పాటలకు కూతురి వెంట వచ్చేవాడు, స్టాండు బిగించేవాడు, వైర్లు కలిపేవాడు. బటన్ మాత్రం ఒత్తేవాడు కాదు. ఆ పని దగ్గరికొచ్చేసరికి మంచినీళ్లకో దేనికో పక్కకు తప్పుకునేవాడు. ప్రమీల తనే నాలుగుసార్లు ఒత్తుకునేది.

తప్పయింది బాపు అనడానికి రెండు మాటలు చాలు. ప్రమీల రెండుసార్లు నోరు తెరిచింది కూడా. ఆ ఇంట్లో ఒకరినొకరు క్షమించమని అడిగే అలవాటు లేదు. కోపం వస్తే తిట్టుకుంటారు, అది పోతే అన్నం పెడతారు. మామూలు కోపాలకు అది సరిపోతుంది. దీనికి సరిపోలేదు. అందుకని ఆమె ఒక పిచ్చి ఆలోచన చేసింది. నల్ల మెట్లు నేర్చుకుని, ఆ పాటను బటన్ లేకుండా ఆయన ముందు వాయించి, నువ్వు వేసిన పునాది మీదే ఇదంతా నిలబడిందని చెప్పాలనుకుంది. ఆయనకు రానిదాన్ని నేర్చుకుని ఆయన మనసు బాగుచేద్దామనుకుంది. ఎంత తెలివైన పిల్లకైనా బాధలో ఉన్నప్పుడు ఇలాంటి ఆలోచనలే వస్తాయి కాబోలు.

మహబూబాబాద్‌లో శైలజ మేడం అని, కాన్వెంటులో సంగీతం చెప్పి రిటైరైన ఆవిడ ఉంది. కాన్వెంటు హాల్లో ఒక పాత పియానో ఉంటే, శనివారాలు అక్కడ నేర్పుతానంది. ప్రమీల తొర్రూరు మీదుగా రెండు బస్సులు మారి వెళ్లేది. ఇంట్లో మాత్రం ఏడాది పాట పని అని చెప్పేది.

మొదటి రోజు శైలజ మేడం ఆమె చేతుల్ని చూసి నిట్టూర్చింది. "చెయ్యి మంచి చెయ్యే. కానీ ఒక్క తోవే తెలుసు దీనికి. మీ ఇంట్లో కీబోర్డు ఉందన్నావు కదా. ఆ బటన్ మీద ప్లాస్టరు వేసెయ్. వేలు అటు పోతే నీకు ఏదీ రాదు."

ప్రమీల దవాఖాన ప్లాస్టరు ముక్క కోసి గొంతు బటన్ల మీద అతికించింది. ఏడాది పాటలకు పోయేటప్పుడు పీకేసి, వచ్చాక కొత్తది అతికించేది. మైనస్ నాలుగు అంటే అసలు లెక్కలో జి షార్ప్. నాలుగు నల్ల మెట్లు, మూడు తెల్ల మెట్లు. పదకొండో ఏట నుంచి ఒకే దారిన నడిచిన వేళ్లు అడుగడుగునా తడబడేవి. పౌలు క్వారీకి పోయాక చెవుల్లో హెడ్‌ఫోను పెట్టుకుని సాధన చేసేది. మధ్యలో కరోనా వచ్చి ఏడాదికి పైగా అన్నీ ఆగిపోయాయి. తర్వాత మళ్లీ మొదలుపెట్టింది.

ఒక రోజు లచ్చవ్వ కూతురి పక్కన కూర్చుని కూర తరుగుతూ అంది: "పెట్టె తుడుస్తుంటె ప్లాస్టరు చూసిండే మీ బాపు. జరసేపు చూసి, గుడ్డ కప్పి పోయిండు. ఏందే గది?"

"తర్వాత చెప్తనే అవ్వా."

"నాకెందుకే? ఆయనకు చెప్పు."

చెప్పాల్సింది. పాట పూర్తిగా చేతికి వచ్చాక ఒకేసారి చూపిద్దామని ఊరుకుంది. తన మాట గాయమైతే, ఆ ప్లాస్టరు దాని మీద ఇంకో గాయమైందని ఆమెకు తట్టలేదు. ఈ ఒక్క విషయంలో ప్రమీల మీద నాకు కోపం ఉంది.

రెండు వేల ఇరవై రెండు వానాకాలంలో పౌలు పని దగ్గరే కుప్పకూలాడు. హనుమకొండ దవాఖానలో పది రోజులు ఉంచారు. ప్రాణం నిలిచింది గానీ కుడి పక్క పడిపోయింది. మాట పోయింది. పేర్లన్నీ పోయాయి. లచ్చవ్వను చూసినా, కూతురిని చూసినా, చూడ్డానికి వచ్చిన పాస్టరుగారిని చూసినా ఒకటే శబ్దం చేసేవాడు. ఎక్కువ రోజులు కష్టమని డాక్టరు లచ్చవ్వకు చెప్పకుండా ప్రమీలకు చెప్పాడు.

ఇంటికి తెచ్చిన మూడో ఆదివారం, చర్చి విడిచాక, మధ్యాహ్నం ప్రమీల కీబోర్డు తెచ్చి మంచం పక్కన పెట్టింది. జి షార్ప్ అప్పటికి చేతికి వచ్చింది. లచ్చవ్వ ఆయన వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, గడప దగ్గర నిలబడింది.

"బాపు, అవ్వ పాట" అంది ప్రమీల.

మొదలుపెట్టింది. తెర మీద సున్నా. వేళ్లు నల్ల మెట్ల మీద తప్పు లేకుండా నడిచాయి. మూడేళ్లుగా ఈ నిమిషం కోసమే బతికింది ఆమె. పల్లవి పాడుతూ తండ్రి మొహంలోకి చూసింది. పౌలు ఆమెను చూడటం లేదు. ముందు ఆమె వేళ్లను చూశాడు. తర్వాత ఆయన చూపు తెర మీది సున్నా దగ్గరికి పోయింది. అక్కడి నుంచి ప్లాస్టరు మీదికి. మొహంలో కంగారు కనిపించింది. సభ మొదలయ్యే ముందు ఏదో వైరు కలపడం మరిచిపోయినప్పుడు అచ్చం అలాగే కంగారుపడేవాడు.

ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. ఆపమంటున్నాడనుకుంది ప్రమీల. కాదు. ఆ చెయ్యి వచ్చి ప్లాస్టరు అంచును గోటితో గీకడం మొదలుపెట్టింది. ఒకసారి జారిపోయింది. మళ్లీ పట్టుకుంది. ప్లాస్టరు ఊడొచ్చింది. పౌలు వేలు బటన్ వెతుక్కుని ఒత్తింది. ఒకటి. రెండు. మూడు. కాసేపు ఆగి, ఊపిరి పీల్చుకుని, నాలుగు.

వాయిస్తున్న పాట ఒక్కసారిగా పాతాళానికి జారిపోయింది. తెర మీద మైనస్ నాలుగు.

భార్య పేరు పోయింది, కూతురి పేరు పోయింది, తన పేరు కూడా పోయింది ఆయనకు. కూతురి గొంతు ఎక్కడుంటుందో మాత్రం పోలేదు.

బటన్ మళ్లీ నాలుగుసార్లు వెనక్కి ఒత్తి, నల్ల మెట్ల మీదే పాట సాగించవచ్చు. మూడేళ్లు నేర్చుకున్నది చూపించవచ్చు. ప్రమీల ఆ పని చేయలేదు. రెండు చేతులూ నల్ల మెట్ల మీద నుంచి తీసి, పదకొండో ఏట ఆయన పట్టుకుని పెట్టిన చోటే పెట్టింది. తెల్ల మెట్ల మీద. పాట మళ్లీ తన ఎత్తుకు వచ్చి నిలబడింది. పౌలు మొహంలో కంగారు పోయింది. 'నడుమెత్తవే' దగ్గర గొంతు లేచినప్పుడు ఆయన ఎడమచేతి వేళ్లు కీబోర్డు అంచు మీద డప్పు దరువు వేశాయి. దరువు తప్పలేదు.

పాట అయ్యాక ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. "నువ్వు నేర్పిందే నాకొస్తది బాపు. ఇంకేం రాదు. తప్పయింది బాపు" అంది. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. గడప దగ్గర లచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ రాత్రి నుంచి పౌలు కుడిచేతిలాగే ఎడమచెయ్యీ లేవడం మానేసింది. పదకొండో రోజు పోయాడు.

శైలజ మేడం దగ్గరికి ప్రమీల ఇప్పటికీ వెళ్తుంది. అన్ని మెట్లూ వాయిస్తుంది. రిషిత మళ్లీ పిలిస్తే హైదరాబాదు వెళ్లి అదే పియానో మీద మూడు పాటలు పాడి వచ్చింది, జనం నిలబడి చప్పట్లు కొట్టారు. రెండో వరసలో ఆమెకు కావలసిన మనిషి లేడు. తల్లి పాట పాడమని హాలంతా అడిగినా అక్కడ పాడలేదు. ఆ పాట పాడటానికి ఇంట్లో ఉన్న పాత కీబోర్డే కావాలామెకు.

పౌలు ఏడాది దగ్గరపడింది. ఇన్ని ఇళ్లకు పాటలు కట్టిన ప్రమీలకు సొంత ఇంటికి ఒక్క ముక్కా రాలేదు. కాగితం ముందు పెట్టుకుని వారం కూర్చుంది. చివరికి సంపత్ పెన్నూ పుస్తకమూ పట్టుకుని వచ్చి చాప మీద కూర్చున్నాడు. "నేను కడ్తనే అక్కా, మంచిగ రాకున్న ఏమనుకోకు" అన్నాడు. కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, ఆమె ప్రతి ఇంట్లో అడిగే ప్రశ్నే ఆమెను అడిగాడు.

"చివరిసారి చేతితోని ఏం చేసిండే పౌలు బాపు?"

"నాకు శ్రుతి పెట్టిండు" అంది ప్రమీల.

సంపత్ రాసుకుంటూ, వాయించేవాడు కనక అలవాటుగా అడిగాడు: "ఎంతకు పెట్టిండక్కా?"

ప్రమీల చెప్పబోయింది. నోట్లోంచి అంకె రాలేదు. కుడిచెయ్యి లేపి నాలుగు వేళ్లు చూపించి, ఆ చేత్తోనే మొహం కప్పుకుని ఏడ్చింది.